తెర మీద మన రూము

(మన ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఈ సమావేశంలో మేము అకామా గురించో, ఆమ్నెస్టీ గురించో, ఇన్సూరెన్సు గురించో మాట్లాడతాం. ఈసారి సినిమా గురించి మాట్లాడదాం అనుకున్నాం. ఆ మాట అనగానే మా కమిటీలోనే ఒక పెద్దాయన అడ్డం పడ్డాడు. "ఏందన్నా ఇది? వారానికి ఉండేది ఒక్క శుక్రవారం. ఆ ఒక్క రోజూ కష్టాల సినిమా గురించి చెప్తే ఎవరు వింటారు? కష్టం మనకు తెలియందా? రూముకు పోతే కనపడేది అదే కదా!" అన్నాడు.

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. కష్టం మనకు తెలుసు. ఒకరు చెప్పాల్సిన పని లేదు. కానీ తెలిసిన కష్టాన్ని మనం ఎవరికి చెప్తున్నాం? ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్తున్నామా? పక్క మంచం వాడికైనా చెప్తున్నామా? ఈరోజు మేము మాట్లాడదలచుకున్నది దీని గురించే. సినిమా దానికి ఒక దారి మాత్రమే.

ఎక్కడి జార్జియా, ఎక్కడి మనం

జార్జియా అని ఒక చిన్న దేశం ఉంది. టర్కీకి, రష్యాకి మధ్యన. రాజధాని త్బిలిసి. 1991లో సోవియట్ యూనియన్ పోయాక అక్కడ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, పనులు పోయాయి, జనం మనలాగే బయటి దేశాల దారి పట్టారు. ఆ దేశంలో లెవాన్ కోగువాష్విలి అనే దర్శకుడు ఉన్నాడు. 2010లో త్బిలిసి వీధుల్లో పనీపాటా లేక చెడిపోయిన మనుషుల మీద ఒక సినిమా తీశాడు. 2021లో 'బ్రైటన్ ఫోర్త్' అని ఇంకొకటి తీశాడు. మనకు కావలసింది ఈ రెండోది.

కథ పెద్దదేమీ కాదు. ఒక ముసలి తండ్రి. పేరు కాఖీ. ఒకప్పుడు మల్లయోధుడు. కొడుకు అమెరికాలో న్యూయార్క్ నగరంలో ఉన్నాడు, బాగుపడతాడనే ఆశ. తండ్రి వెళ్ళి చూస్తే కొడుకు ఉన్నది ఒక ఇరుకు బోర్డింగ్ ఇంట్లో. చుట్టూ తమ దేశం నుంచి వచ్చిన వాళ్ళే. ఒకే వంటగది, పక్కపక్కన మంచాలు, రాత్రయితే పాటలు, తాగుడు, నవ్వులు, ఏడుపులు. కొడుకు జూదంలో 14,000 డాలర్ల అప్పు చేసి కూర్చున్నాడు. మన లెక్కలో పది లక్షల పైమాటే. ఆ సంగతి ఇంటికి చెప్పలేదు.

ఆ తండ్రి వేషం వేసింది లెవాన్ తెదియాష్విలి. ఈయన నిజంగానే మల్లయోధుడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు తెచ్చిన మనిషి. అంతటి బలవంతుడికి కూడా కొడుకు అప్పు పెద్ద బరువే అవుతుంది. 

ఆ సినిమాలో ఇంకో సంగతి ఉంది. కొంతమంది ఆడవాళ్ళ చేత పని చేయించుకుని యజమాని జీతం ఎగ్గొడతాడు. బోర్డింగ్ ఇంట్లోని మగవాళ్ళు వాణ్ణి బలవంతంగా పట్టుకొచ్చి డబ్బు కక్కించాలని చూస్తారు. చూస్తే మనకు ఈల వేయాలనిపిస్తుంది. అయితే తమ్ముళ్ళూ, ఇక్కడ అట్లాంటి పని చేశారంటే ముందు జైలు, ఆ తర్వాత డిపోర్టు. జీతం మాత్రం రాదు. జీతం రాబట్టే దారి వేరే ఉంది, చివర్లో చెప్తాం.

ఈ సముద్రం కూడా అప్పుల సముద్రమే

జార్జియా దూరం అనుకుందాం. మనం బతుకుతున్న ఈ కువైట్‌లోనే అట్లాంటి సినిమా ఒకటి ఉంది. 1972లో వచ్చింది. పేరు 'బస్ యా బహర్'. మన అరబ్బీకి కూడా అర్థమయ్యే మాటే. "ఇక చాలు, ఓ సముద్రమా" అని. దర్శకుడు ఖాలిద్ అల్ సిద్దిఖ్. కువైట్ తీసిన మొట్టమొదటి పూర్తి నిడివి కథాచిత్రం ఇదే. నలుపు తెలుపు సినిమా.

ఒక దేశం తన మొదటి సినిమా తీసుకుంటుంటే ఏం చూపించాలి? అప్పటికే నూనె డబ్బు వచ్చింది. కార్లు, మేడలు చూపించవచ్చు. ఖాలిద్ అల్ సిద్దిఖ్ వాటిని పక్కన పెట్టి, నూనె రాకముందు తమ తాతలు ముత్యాల కోసం సముద్రంలో మునిగిన రోజుల్ని చూపించాడు. ముసాయిద్ అనే పేదింటి కుర్రవాడు నూరా అనే పిల్లను ప్రేమిస్తాడు. వాళ్ళది కలిగిన కుటుంబం. డబ్బు సంపాదించి ఆ పిల్లను చేసుకుందామని ముత్యాల వేటకు పోతాడు. వాళ్ళ నాయన కూడా ఒకప్పుడు మునిగినవాడే. సొరచేప దెబ్బకు అవిటివాడై ఇంట్లో పడి ఉన్నాడు. కొడుకు పోతానంటే వద్దంటాడు. కొడుకు వినడు. ఇక్కడ నూరాకు బలవంతంగా డబ్బున్న ముసలాయనతో పెళ్ళి చేస్తారు. అక్కడ సముద్రంలో ముసాయిద్ ప్రాణం పోతుంది. కొడుకు ప్రాణం తీసిన ముత్యాన్ని తల్లి తిరిగి సముద్రంలోకే విసిరేస్తుంది.

"వద్దు నాయనా, నేను చూసి వచ్చినాను" అనే తండ్రి, "ఒక్కసారి పోయి వస్తా" అనే కొడుకు. ఈ మాటలు మన రాజంపేటలో, రాయచోటిలో, కోనసీమలో, జగిత్యాలలో ఏ ఇంట్లో వినపడలేదో చెప్పండి.

ఆ ముత్యాల పని ఎట్లా నడిచేదో కూడా మనకు తెలియాలి. ఎండాకాలం నాలుగు నెలలు సముద్రం మీదే. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, మెడలో బుట్ట. పైన తాడు పట్టుకుని ఇంకొకడు నిలబడతాడు. కింద ఊపిరి బిగబట్టి మునిగేవాడు తాడు లాగితే వీడు పైకి లాగాలి. ఆ తాడు పట్టుకున్నవాడి మీదే వీడి ప్రాణం.

పడవ కెప్టెన్‌ను నోఖదా అనేవాళ్ళు. పడవ ఎక్కేముందు నోఖదా అడ్వాన్సు ఇస్తాడు. ఇంట్లో పెళ్ళాం పిల్లలు నాలుగు నెలలు తినాలి కదా. సీజన్ అయ్యాక ముత్యాలు అమ్మి వాటాలు వేస్తే అడ్వాన్సు కూడా తీరేది కాదు. మిగిలిన బాకీ వచ్చే ఏడాదికి. నోఖదా కూడా వ్యాపారి దగ్గర అప్పు తెచ్చినవాడే. బాకీ ఉన్నవాడు వేరే పడవ ఎక్కాలంటే పాత నోఖదా కాగితం రాసి ఇవ్వాలి. దాన్ని బర్వా అనేవాళ్ళు. అది లేకుండా వేరేవాడు పనిలో పెట్టుకోడు. మనిషి చచ్చిపోతే బాకీ కొడుకు మీద పడేది. ఈ గొడవలన్నీ చూసి 1940లో కువైట్‌లో ముత్యాల వేటకు ఒక చట్టమే రాసుకోవలసి వచ్చింది. అప్పటికే జపాన్ వాళ్ళ పెంపకం ముత్యాలు వచ్చి ఈ వ్యాపారం పడిపోతోంది. 1938లో బుర్గాన్‌లో నూనె పడింది, 1946లో మొదటి ఓడ నూనెతో బయలుదేరింది. ఆ తర్వాత ముత్యాల కోసం మునగాల్సిన అవసరం వాళ్ళకు లేకుండా పోయింది.

అడ్వాన్సుకు బదులు వీసా డబ్బు అనుకోండి. బర్వాకు బదులు రిలీజ్ అనుకోండి. నోఖదా వెనక వ్యాపారి ఉన్నట్టు, మన ఏజెంటు వెనక ఇంకో ఏజెంటు ఉంటాడు. ఇంకొక మాట. ఆ ముత్యాలు అమ్ముడుపోయే పెద్ద బజారు మన బొంబాయి. 1961లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెలామణీలో ఉన్నది రూపాయే. అంటే ఇక్కడి వాళ్ళ తాతలు రూపాయల కోసం మునిగితే, మనం దీనార్ల కోసం మునుగుతున్నాం.

వాళ్ళ తాతల కష్టాన్ని వాళ్ళు దాచుకోలేదు. తెర మీద పెట్టారు. ఆస్కార్ పోటీకి కూడా ఆ సినిమానే పంపించారు. మాకు గొప్పగా అనిపించింది అదే.

మనం దాచుకుంటున్నది

మన మీద సినిమాలు రాలేదని కాదు. 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి తెలుగులో 'గల్ఫ్' అనే సినిమా తీశారు. మలయాళం వాళ్ళు 2011లో 'గద్దామా' తీశారు, ఇంటి పనికి వచ్చిన ఆడమనిషి కథ. 2015లో 'పతేమారి' వచ్చింది. అందులో మమ్ముట్టి జీవితమంతా గల్ఫ్‌లో ఉంటాడు, తన కష్టం ఇంటివాళ్ళకు తెలియనివ్వడు. 2024లో 'ఆడుజీవితం' వచ్చింది. అయినా మనం రోజూ ఫోన్లో ఇంకో సినిమా తీస్తున్నాం. వీడియో కాల్ వచ్చిందంటే రూములోంచి బయటికి వస్తాం. మాల్ ముందు నిలబడి ఫోటో దిగుతాం. కఫీల్ కారు పక్కన నిలబడి ఫోటో దిగుతాం. మంచం, మంచం కింద పెట్టె, బాత్రూము ముందు క్యూ, ఇవేవీ ఆ సినిమాలో కనపడవు.

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికులు ఉండే బిల్డింగులో మంటలు లేచాయి. నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. అందులో ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. ఆ రోజు టీవీల్లో ఊళ్ళోవాళ్ళు మన రూములు మొదటిసారి చూశారు. "ఇట్లా ఉంటారా మీరు?" అని మాలో చాలామందికి ఇంటి నుంచి ఫోన్లు వచ్చాయి. అంటే మన బతుకు మన ఇంటికి తెలియడానికి బిల్డింగు కాలవలసి వచ్చింది.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాం. ఆ తమ్ముడు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నాడు. పేరు చెప్పం. చెప్పమని ఆయన ఒప్పుకున్న తర్వాతే చెబుతున్నాం.

రాయచోటి వైపు పల్లె. ఏజెంటు 140 దీనార్ల జీతం అన్నాడు, వచ్చాక చూస్తే 90. వీసాకు లక్షా యాభై వేలు అయింది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఇంట్లో మాత్రం యాభై వేలే అయిందని చెప్పాడు. నాయన బాధపడతాడని. జీతం కూడా 140 అనే చెప్పాడు.

లెక్క చూడండి. 90 దీనార్లలో మంచం అద్దె 20, తిండికి 25, బస్సుకూ ఫోనుకూ 5. మిగిలేది 40. దీనారుకు 270 రూపాయలు అనుకుంటే 10,800. వడ్డీ నెలకు 4,500. ఇంటికి నెలకు 10,000 పంపుతానని మాట ఇచ్చాడు. మొత్తం కావలసింది 14,500. తక్కువ పడేది 3,700. అంటే నెలకు పద్నాలుగు దీనార్లు రూములోవాళ్ళ దగ్గర చేబదులు. పద్దెనిమిది నెలలు గడిచేసరికి చేబదుళ్ళు 250 దీనార్లు దాటాయి. అసలు అప్పు లక్షా యాభై వేలు అట్లాగే ఉంది, ఒక్క రూపాయి తగ్గలేదు.

అప్పుడు చెల్లెలి పెళ్ళి కుదిరింది. ఇంట్లో "రెండు లక్షలు పంపు నాయనా" అన్నారు. ఆ తమ్ముడు ఫోన్ ఆపేశాడు. మూడు వారాలు. వాళ్ళ నాయన ఎవరి దగ్గరో మా నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. "మావాడు ఉన్నాడా సార్?" అని అడిగాడు. ఏం చేస్తున్నాడని కాదు, ఉన్నాడా అని.

మేము శుక్రవారం జ్లీబ్‌లో ఆ రూముకు పోయాం. ఆరుగురు ఉండే రూము. అందరి దగ్గరా చేబదులు తీసుకున్నాడు. ఒక్కొక్కరూ తన దగ్గర మాత్రమే తీసుకున్నాడని అనుకుంటున్నారు. పనికి పోతున్నాడు, వస్తున్నాడు, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. "మా నాయనకు తెలిస్తే గుండె ఆగిపోతాదన్నా" అన్నాడు. చాలాసేపు కూర్చున్నాం. ఆఖరికి మా ఫోన్ నుంచే కలిపి ఇచ్చాం. మొత్తం చెప్పాడు. అవతల చాలాసేపు మాట లేదు. మాకు కూడా భయమేసింది. తర్వాత ఆ పెద్దాయన అన్నాడు: "అప్పు తీరుతాది లేరా. నువ్వు అన్నం తింటాండావా?"

ఆ తర్వాత ఏమయిందంటే అద్భుతం ఏమీ జరగలేదు. నాయన ఊళ్ళో పెద్దమనుషుల్ని పెట్టి వడ్డీ రూపాయిన్నరకు తగ్గించుకున్నాడు. పెళ్ళి ఉన్నంతలో చేశారు. రూములోవాళ్ళు వంతులవారీగా నెలకు పది దీనార్లు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఇంటికి పంపేది 5,000కు తగ్గింది. అప్పు ఇంకా ఉంది. కానీ తమ్ముడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఆ పెద్దాయన గుండె ఆగలేదు. అది దాదాపు ఆగింది ఆ మూడు వారాల్లోనే.

ఇందులో మా తప్పు కూడా ఉంది. ఇన్నేళ్ళుగా ఈ వార్షిక పుస్తకంలో మేము శాలువాలు కప్పిన ఫోటోలే వేశాం. బాగుపడినవాళ్ళ కథలే రాశాం. అది చదివిన కుర్రవాడు "అందరూ బాగుపడ్డారు, నేనొక్కణ్ణే చెడ్డాను" అనుకోడా? ఆ తమ్ముడు మా దగ్గరికి ముందే ఎందుకు రాలేదని అడిగితే, "మీరంతా పెద్దోళ్ళు కదన్నా" అన్నాడు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు.

చేయగలిగినవి

మొదటిది. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అసలు జీతం చెప్పండి, అసలు అప్పు చెప్పండి. ఒక్కరికైనా చెప్పండి. నాయనకు చెప్పలేకపోతే అన్నకు చెప్పండి, భార్యకు చెప్పండి. ఇంట్లో తెలిస్తేనే ఖర్చు తగ్గుతుంది. తెలియకపోతే మీ జీతాన్ని చూసి కాదు, మీ ఫోటోను చూసి ఖర్చు పెడతారు.

రెండోది. ఊరి నుంచి ఎవరైనా "నేనూ వస్తానన్నా" అంటే మీ లెక్క మొత్తం వాడి ముందు పెట్టండి. మన ప్రభుత్వ నిబంధన ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే అక్కడే ఆగిపోండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఇంటి పని వీసా మీద వచ్చి కంపెనీలో చేసుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మవద్దు.

మూడోది. జీతం రాకపోతే మనుషుల్ని పట్టుకురావడం సినిమాలో. ఇక్కడ మ్యాన్‌పవర్ అథారిటీలో ఫిర్యాదు ఉంది, మన ఎంబసీ ఉంది. కంపెనీల్లో పని చేసేవాళ్ళకు 2010 నాటి 6వ నంబరు చట్టం ఉంది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48. అక్కలకు, చెల్లెళ్ళకు, ఇంటి డ్రైవర్లకు 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, ఏడాదికి జీతంతో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ జరిగిపోవని మాకూ తెలుసు. కానీ నెల నెలా జీతం ఎంత వచ్చింది, ఏ తారీఖున వచ్చింది అని ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నవాళ్ళ కేసు నిలబడుతుంది. రాసుకోనివాళ్ళ మాట మాటగానే పోతుంది.

నాలుగోది. పైన తాడు పట్టుకున్న మనిషిని గుర్తు పెట్టుకోండి. ముత్యాల పడవ మీద ఎంత బీదవాడికైనా తాడు పట్టుకునేవాడు ఒకడు ఉండేవాడు. మన రూముల్లో ఆరుగురు, ఎనిమిది మంది ఉంటాం, ఒకరి తాడు ఒకరి చేతిలో లేదు. పక్కవాడు వారం రోజులుగా సరిగా తినకపోతే అడగండి. గోడవైపు తిరిగి పడుకుంటే అడగండి. చేబదులు ఇవ్వలేకపోయినా ఫరవాలేదు. అడిగితే చాలు. మీకు చేతకాకపోతే మాకు ఫోన్ చేయండి. మేము పెద్దోళ్ళం కాదు. మేమూ ఆ మంచాల మీద పడుకున్నవాళ్ళమే, మాలో కొందరు ఇంకా పడుకుంటున్నవాళ్ళే.

ఆఖరి మాట. వచ్చే ఏడాది నుంచి ఈ పుస్తకంలో శాలువాల ఫోటోలు తగ్గిస్తున్నాం. ఆ పేజీలు మీవి. పేరు వేయం, ఊరు వేయం. మీ వీసాకు ఎంతయింది, జీతం ఎంత అన్నారు, ఎంత వచ్చింది, ఎట్లా గట్టెక్కారు, ఎక్కడ మునిగారు, ఉన్నది ఉన్నట్టు రాసి ఇవ్వండి. రాయడం రాకపోతే చెప్పండి, మేము రాసుకుంటాం. ఆ తమ్ముడి లెక్క మొదటి పేజీలో వేస్తున్నాం. రెండో పేజీ ఖాళీగా ఉంది.

 భోజనం చేసి పోండి. తిరిగి పోయేటప్పుడు బస్సులో ఒక్కసారి ఇంటికి ఫోన్ కలపండి.